గడచిన సత్యమును తుడిచివేయరాదు

సాఫ్టువేరు ఒక్కరి చేతిపని కాదు. పలువురు కూడి యేండ్ల తరబడి వ్రాయుదురు. కొందఱు వెడలిపోవుదురు, క్రొత్తవారు వత్తురు. వెడలువారితో “ఇది యేల యిట్లు చేయఁబడెను?” అను ప్రశ్నకు సమాధానమును వెడలిపోవును. ఈ నష్టమును వారించుటకుఁ గాలముతోఁ గూడిన జ్ఞానజాలము మేలైన సాధనమని మా యభిప్రాయము.

ఆ జాలములో వ్యక్తులు, భాగములు, నిర్ణయములు ముడులు. వాని సంబంధములు దారములు. ప్రతి దారమునకును అది యెన్నటినుండి యెన్నటివఱకు సత్యమో వ్రాయఁబడును.

ఒక దృష్టాంతము. పైథాను భాష 2.7వ రూపమునకుఁ బోషణ 2015తో ముగియునని మొదట నిర్ణయింపఁబడెను. 2014లో ఆ గడువు 2020కిఁ బొడిగింపఁబడెను. పాతమాటను తుడిచివేసినచో, 2013లో త్వరపడి తమ సాఫ్టువేరును మార్చుకొన్నవారు అవివేకులుగాఁ గన్పట్టుదురు. రెండు మాటలును తేదీలతో నిలిచినచో, వారు నాఁటి సత్యము ననుసరించియే నడచిరని తెలియును.

ఏ పంక్తి నెవరు ఎన్నఁడు మార్చిరో 2005లో వెలువడిన గిట్ అను సాధనము చూపుచున్నది గదా యని కొందఱందురు. నిజమే, కాని యా మార్పునకు మూలమైన నిర్ణయము నేఁడును చెల్లునో లేదో యది చెప్పదు.

బాలుఁడు పాఠశాల విడిచినప్పుడు ప్రవేశపు రిజిస్టరులో వాని పేరు చెఱపరు. విడిచిన తేదీని వ్రాయుదురు. జ్ఞానజాలమునకును ఇదియే ధర్మము.

అయితే వ్రాయని కారణమును ఏ జాలమును పట్టలేదు. విద్యార్థులారా! మీలోఁ గొందఱు రేపు ఈ వృత్తిని చేపట్టఁగలరు. నిర్ణయించిననాఁడే కారణమును, తేదీని వ్రాసి యుంచుఁడు. పూర్వులకు న్యాయమును, రాఁబోవువారికి దారియు నందువలననే కలుగును.