అనువాదం ఆపేసిన చోట

కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ ఇంగ్లీషు నవలకు నకలన్న మాట ఇప్పటికీ వినబడుతూనే ఉంది. ఆ మాటతో మాకు పేచీ. ఆలివర్ గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ (1766) తనకు ప్రేరణ అని పంతులుగారేమీ దాచలేదు. మొదట దాన్ని తెనిగించబోయారు. కొన్ని ప్రకరణాలు రాశాక నచ్చక పక్కన పడేశారు. తెలుగు నవలకు ఆయన చేసిన అసలు మేలు ఆ పడేయడంలోనే ఉంది.

గోల్డ్‌స్మిత్ కథలో పాదిరి సొమ్ము దాచుకున్న వర్తకుడు దివాలా తీసి పారిపోతాడు. ధవళేశ్వరం రాజశేఖరుడు చితికిపోయే తీరే వేరు. పొగిడేవాళ్లకు పెడతాడు, చుట్టాలకు పెడతాడు, జోస్యాలు నమ్ముతాడు. చివరికి బంగారం చేసిపెడతానన్న బైరాగి చేతిలో ఇంట్లో ఉన్నదంతా పోస్తాడు. బైరాగి మాయం! ఆ బైరాగి ఏ ఇంగ్లీషు పుస్తకంలోంచీ రాలేదు, గోదావరి ఒడ్డు వీధుల్లోంచి వచ్చాడు.

లోపాలున్నాయి. గ్రాంథికం బరువు, అడుగడుగునా కాకతాళీయాలు, కథను ఆపి మరీ చెప్పే నీతులు. అయినా చచ్చిపోయిందనుకున్న రాజశేఖరుడి కూతురు రుక్మిణి మగవేషంలో ఒంటరిగా దారిపట్టడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు. ‘శ్రీరంగరాజ చరిత్ర’ 1872లోనే వచ్చింది గనుక తొలి నవల ఏదన్న తగవు పండితులకే వదిలేద్దాం. 1887లో హచిన్‌సన్ ఇంగ్లీషు అనువాదంగా రాజశేఖరుడు లండన్‌లో అచ్చయ్యాడు. నకలైతే అంత దూరం ఎందుకు తీసుకెళ్తారు?

ఇక మన తడ వైపు సంగతికొస్తే, ఈ నవల పంతులుగారి ‘వివేకవర్ధని’ పత్రికలో ధారావాహికగా వచ్చిన 1878లోనే మన పులికాట్ మీదుగా సాగే కాలువకు బకింగ్‌హామ్ పేరు పెట్టారు. కరువు కూలీలు తవ్విన భాగం కూడా అందులో ఉంది. కోస్తా సరుకు పడవలు చెన్నపట్నానికి తడ దగ్గరి పులికాట్ మీదుగానే వెళ్లేవి. ఆ పడవవాళ్లు ఏ కథలోనూ మాకు కనబడలేదు. తమిళంలో చేపల బేరమాడి తెలుగులో ఇంటికొచ్చే మనిషి, శ్రీసిటీ ఫ్యాక్టరీల షిఫ్టు బస్సు కోసం చీకట్లో నిలబడే అమ్మాయి కూడా కనబడలేదు. మా పత్రికకు వచ్చే కథల్లో చాలావాటికి ఊరే ఉండదు. అవి ఎక్కడైనా జరగొచ్చు, అందుకే ఎక్కడా జరిగినట్టుండవు.

తడ మనుషులతో నవల రాస్తున్నవాళ్లు మొదటి మూడు ప్రకరణాలు పంపండి. ధారావాహికగా వేసుకోవాలని మాకు చాలా ఆశగా ఉంది.