టీకా పుస్తకంలో తల్లికీ ఒక పేజీ

తెలంగాణలో కాన్పంటే ఎక్కువగా ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఇక్కడి ప్రసవాల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లోనైతే 81.5 శాతం. మొత్తం ప్రసవాల్లో దేశ సగటు 21.5 శాతమే. హైదరాబాద్‌లోని గచ్చిబౌలి, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో ఉయ్యాల కట్టిన చాలా ఇళ్లలో కోత ఇంకా మానని మనిషే అర్ధరాత్రి లేచి పాలిస్తోందన్నమాట. ఇంకే ఆపరేషన్ అయినా చూడ్డానికి వచ్చినవాళ్లు ‘ఎలా ఉన్నావ’ని రోగిని అడుగుతారు. ఇక్కడ మాత్రం నేరుగా ఉయ్యాల దగ్గరికే వెళ్తారు.

ఒకప్పుడు తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం ఆనవాయితీ. నూనె మర్దన, వేణ్నీళ్ల స్నానం, సాంబ్రాణి పొగ, కాయం ముద్ద, వెల్లుల్లి కారం, తెలగపిండి కూర... వీటన్నిటికంటే బాలింతకు మేలు చేసింది ఆమె చేతికి చీపురు అందనివ్వకపోవడమే. ఇప్పుడు పుట్టిల్లే కదిలి వస్తోంది. ఖమ్మం నుంచో గుంటూరు నుంచో అమ్మ గచ్చిబౌలిలో దిగుతుంది. కూతురు డల్లాస్‌లో ఉంటే విజిటర్ వీసా మీద విమానమెక్కుతుంది. ఆమెకూ మోకాళ్ల నొప్పులుంటాయి, ఊళ్లో వదిలొచ్చిన ఇల్లుంటుంది.

పథ్యంలో వదిలేయాల్సినవీ ఉన్నాయి. పొట్ట పెరుగుతుందని మంచినీళ్లు గ్లాసు లెక్కన ఇవ్వడం ఒకటి, సిజేరియన్ అయిన మనిషిని రోజుల తరబడి మంచం దిగనివ్వకపోవడం ఇంకొకటి. పాలిచ్చే ఒంటికి నీళ్లు కావాలి. కదలకుండా పడుకుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పుంది. ఈ రెండింటి మీద ఇంట్లో ఎంత పెద్దవాళ్లతోనూ రాజీ పడక్కర్లేదు.

ప్రాణాలు కాపాడటంలో తెలంగాణ బాగానే నెగ్గింది. లక్ష సజీవ జననాలకు 2014-16లో 81గా ఉన్న తల్లుల మరణాలు 2018-20 నాటికి 43కు తగ్గాయి. కానీ బతికి ఇంటికొచ్చిన తల్లి ఎలా ఉందన్నది ఆ లెక్కలో కనిపించదు. మన దేశంలో జరిగిన అధ్యయనాలను క్రోడీకరించి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్ ప్రచురించిన అంచనా ప్రకారం దాదాపు 22 శాతం మంది తల్లులకు ప్రసవం తర్వాత డిప్రెషన్ వస్తోంది. కాన్పైన కొత్తలో ఏడుపు రావడం మామూలే. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ నిద్రపోతున్నా తనకు కునుకు పట్టకపోతే, ‘నిద్ర చాలక చిరాకు’ అని తీసిపారేయకూడదు.

ఐటీ ఉద్యోగికి ప్రసూతి ప్రయోజన చట్టానికి చేసిన 2017 సవరణతో 26 వారాల జీతంతో కూడిన సెలవు దక్కింది. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ ఉండాలన్న నియమమూ అప్పుడే వచ్చింది. మంచిదే. అయితే సెలవు ఉద్యోగాన్ని కాపాడుతుంది, బీపీ చూడదు. ఆ ఉద్యోగి ఫ్లాట్‌లో అంట్లు తోమే ఆవిడకు ఆ సెలవూ లేదు. ఆమెకు అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద భోజనం ఉంది, నలభై రెండు రోజుల్లో ఆరుసార్లు ఆశా కార్యకర్త ఇంటికి రావాలన్న నియమం ఉంది. గేటెడ్ కమ్యూనిటీ బాలింత తలుపు తట్టేదెవరు?

కాన్పు తర్వాత తల్లిని కనీసం నాలుగుసార్లు పరీక్షించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది: తొలి 24 గంటల్లో, రెండు మూడు రోజుల మధ్య, ఒకటి రెండు వారాల మధ్య, ఆరో వారంలో. కొత్తగా అపాయింట్‌మెంట్లు పెడితే ఎన్ని ఇళ్లలో కుదురుతుంది? టీకాను మాత్రం చాలా ఇళ్లలో ఎగ్గొట్టరు. ఆరు, పది, పద్నాలుగు వారాలకు బిడ్డతోపాటు తల్లీ క్లినిక్‌కు వస్తుంది. అక్కడే ఆమె బీపీ చూడొచ్చు, కుట్ల నొప్పి, మూత్రం ఆపుకోలేకపోవడం గురించి అడగొచ్చు, రక్తహీనత పరీక్ష రాయొచ్చు. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం తల్లుల డిప్రెషన్‌ను బిడ్డ చెకప్‌లలోనే పరీక్షించమని సిఫార్సు చేస్తోంది. అందుకు వాడే, 1987లో రూపొందిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఉన్నవి పది ప్రశ్నలే, ఐదు నిమిషాల పని. కొండాపూర్ ప్రభుత్వాసుపత్రి, హైటెక్ సిటీ కార్పొరేట్ ఆసుపత్రులు దీన్ని రేపే మొదలుపెట్టొచ్చు.

ఒక్క షరతు. ఆ కాగితం నింపేటప్పుడు భర్త, అత్తగారు, అమ్మ ముగ్గురూ బయట కూర్చోవాలి. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అన్నది. ‘అవును’ అంటే ఆమెను ఒంటరిగా వదలకుండా అదే రోజు మానసిక వైద్యులకు చూపించాలి. ఇంటి నుంచి అడగాలనుకునేవాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, కాల్‌కు డబ్బులు పడవు.