వేలు తాకితే గడ్డకట్టే నీళ్లు

సోడియం ఎసిటేట్ ట్రైహైడ్రేట్ 150 గ్రాములకు సుమారు 30 మిల్లీలీటర్ల నీరు చేర్చి, ఒక్క పలుకు కూడా మిగలకుండా కరిగేదాకా వేడిచేసి, మూతపెట్టి కదపకుండా చల్లార్చితే తేట నీటిలాంటి ద్రావణం తయారవుతుంది. గది ఉష్ణోగ్రత వద్ద నీరు ఇముడ్చుకోగలిగిన దానికంటే ఎక్కువ లవణం అందులో ఉంటుంది. ఇదే అతిసంతృప్త ద్రావణం. స్ఫటికం పెరగడం సులువు, పుట్టడమే కష్టం. మొదటి అమరిక ఏర్పడక ద్రావణం అలాగే ఉండిపోతుంది. ఆ లవణపు రేణువు, అంటే బీజ స్ఫటికం, ఒక్కటి పడితే చాలు, పడిన చోటు నుంచి తెల్లని సూదులు నలువైపులా పాకి క్షణాల్లో పాత్రంతా గట్టిపడుతుంది. లోపల దాగిన గుప్తోష్ణం బయటికొచ్చి పాత్ర వేడెక్కుతుంది.

ఈ పనే తరగతి గదిలో జరిగితే రసాయనశాస్త్రం, విభూతి పూసిన చేత్తో జరిగితే మహిమ. బీజ స్ఫటికం గోటి సందులో ఇమిడిపోతుంది, ఎవరి కంటికీ ఆనదు. పైగా పాత్ర వేడెక్కడం భక్తుడికి శక్తి ప్రవేశించినట్టే తోస్తుంది. పర్మాంగనేటుపై గ్లిజరిన్ పోసి అగ్గిపుల్ల లేకుండా హోమం రగిలించడం, మిథైల్ ఆరెంజ్ పూసిన కత్తితో నిమ్మకాయలో 'రక్తం' చూపడం ఈ కోవలోవే. హేతువాది బి. ప్రేమానంద్ (1930–2009) ఇలాంటి మహిమలను వేదికలపై చేసి చూపి, వెనుక కిటుకు విప్పి చెప్పేవారు. జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు తెలుగు పల్లెల్లో చేస్తున్నదీ అదే.

అయితే ఉపాధ్యాయుడు కూడా గారడీవాడిలా చేసి చప్పట్లు కొట్టించుకుంటే పిల్లలకు మిగిలేది మరో అద్భుతమే. ఒకే ద్రావణాన్ని శుభ్రమైన నాలుగు పాత్రల్లో పోయాలి. మొదటిదాన్ని ముట్టకుండా వదలాలి. రెండోదాని ముందు మంత్రం చదవాలి. మూడోదాంట్లో మౌనంగా రేణువు వేయాలి. నాలుగోదానికి మంత్రం, రేణువు రెండూ. గడ్డకట్టేవి చివరి రెండే. వరస మార్చి, పిల్లల చేతనే మళ్లీ చేయించాలి. ముట్టని పాత్ర దానంతటదే గడ్డకడితే దాచిపెట్టకూడదు; అంచుకు ఎండి అంటుకున్న పలుకేదైనా ఉందేమో వెతికించాలి. ఆ వెతుకులాటే అసలు పాఠం.

ఇళ్లలోని ఒక గట్టి నమ్మకాన్ని కూడా ఈ పాత్రల పక్కనే పెట్టి చూడవచ్చు: తేనె పేరుకుంటే అది చక్కెర పాకమేనని. తేనె కూడా అతిసంతృప్త ద్రావణమే. అందులో నీరు దాదాపు 18 శాతం, గ్లూకోజు 30 శాతానికి అటూఇటూ, ఫ్రక్టోజు అంతకంటే ఎక్కువ. తక్కువగా కరిగే గ్లూకోజే ముందు స్ఫటికమవుతుంది. పుప్పొడి రేణువులు దానికి బీజాలవుతాయి. ఆవపూల తేనె త్వరగా పేరుకుంటుంది. వేడిచేసి, సన్నగా వడగట్టి సీసాకెత్తిన తేనె చాలాకాలం జారుగానే ఉంటుంది. అందువల్ల ఈ నమ్మకంతో నష్టపోయేది ఎక్కువగా పట్టునుంచి నేరుగా పిండి అమ్మేవాడే. ఇక ఫ్రక్టోజు ఎక్కువున్న పాకం కలిపిన తేనె పేరుకోకుండానే పరీక్ష నెగ్గుతుంది. కుక్క మూతి పెట్టదనీ, నీళ్లలో వేస్తే అడుగుకు దిగుతుందనీ చెప్పే పరీక్షలూ ఏమీ తేల్చవు. చిక్కని పాకమైనా నీళ్లలో అడుగుకే దిగుతుంది. పేరుకున్న సీసాను గోరువెచ్చని నీళ్లలో ఉంచితే తేనె మళ్లీ జారవుతుంది. కల్తీ సంగతి తేల్చాల్సింది ప్రయోగశాల.