సొంతంగా వేసుకుంటే తక్కువా?

సంపాదకుల వారికి,

సొంత ఖర్చుతో నవల వేసుకునేది ప్రచురణకర్తలు కాదన్నవాళ్లేనని గత ఆదివారం మీ వ్యాసంలో రాశారు. తప్పు. గోదావరి మీద మాకు ఎగువనున్న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్రము'ను తాను నడిపిన పత్రికలోనే వేసి, 1880లో పుస్తకంగా తెచ్చారు. ఆయన్ని ఎవరు కాదన్నారు?

నా నవల ఐదొందల కాపీలు మంచం కిందే ఉండేవి. మా వాడపల్లి వెంకన్న గుడికి ఏడు శనివారాల మొక్కులో మూడో శనివారం వచ్చినామె ఒకటి కొన్నది. నాలుగో శనివారం వచ్చి, "రెండోది రాశారా?" అని అడిగింది. పాఠకులు లేరనకండి. మమ్మల్ని కుంగదీస్తున్నది తపాలా ఖర్చు. 2024 డిసెంబరులో, పుస్తకాలు తక్కువ ఖర్చుతో పంపే రిజిస్టర్డ్ బుక్‌ పోస్టు ఎత్తేశారు. దాన్ని తిరిగి తెమ్మని మీ పత్రికలో రాయండి.

– ఒక నవలా రచయిత, వాడపల్లి, ఆత్రేయపురం మండలం, కోనసీమ