రెండు తీగల వాద్యకారుడు

ధర్మవరమునుండి ఒక సోదరి వ్రాసిన జాబు ఈ మాసమంతయు మా బల్లమీదనే యున్నది. ఆమె పెండ్లికి పూర్వము ఎనిమిదేండ్లు వీణ నేర్చినారు. ఇప్పుడు ఒడిలో ఏడు నెలల బిడ్డ. వీణ గవిసెనలో నిద్రించుచున్నది. తన అమ్మమ్మ పాడిన లాలిపాటతో బిడ్డను నిదురపుచ్చుచుండగా, ఇంటికి వచ్చిన చుట్టమొకరు, “ఇంత విద్య నేర్చి తుదకు ఈ పాటకా వచ్చినావమ్మా!” అనిరట. నవ్వుచు అన్నమాటయే, కాని ఆమెకు నవ్వు రాలేదు. పసిపిల్లలకు పాడుటవలన నేర్చిన విద్య దిగజారునా యని మమ్మడిగినారు.

మేము సంగీత విద్వాంసులము కాము. ఊరక ధైర్యవచనములు పలుకుటకంటె, సముద్రముల కావలనున్న ఒక వాద్యకారుని వృత్తాంతము చెప్పుట మేలని తోచినది.

ఆయన పేరు క్రిస్ బల్లూ. అమెరికాలోని సియాటిల్ నగరమువాడు, 1965లో జన్మించెను. ఆయన వృత్తి రాకు సంగీతము. విద్యుత్తుచే ధ్వని పెంచిన గిటారులు, చెవులదరునట్టి డ్రమ్ములు, ఎదుట వేలకొలది యువజనుల కేకలు—ఇదియే రాకు కచ్చేరి. మన యిండ్లలోని పడుచువారికి ఇది క్రొత్త కాదు, అత్తగార్లకొఱకు చెప్పుచున్నాము. అందు బేసు గిటారనునది మంద్రస్థాయిని పలుకు లావుతీగల వాద్యము. జనులు గాయకుని చూతురు, బేసు వాయించువానిని చూడరు. కాని అది యొక్క నిమిష మాగినయెడల పాట క్రింద నేల జారినట్లుండును. మన కచ్చేరీలలో వెనుక కూర్చుండి తంబురా మీటు పిల్లను ఎందఱు తేరిపార చూతురు?

బల్లూ చేసిన చిత్ర మేమనగా, ఆఱు తీగల గిటారును తీసికొని, తీగలన్నియు విప్పివైచి, రెండే రెండు బేసు తీగలు బిగించెను. దానికి బేసిటారని పేరు. ఈ యూహ మొదట ఆయనది కాదు. బోస్టనులో తన స్నేహితుడైన మార్క్ శాండ్మన్ అను వాద్యకారుడు రెండు తీగల బేసు వాయించుచుండగా చూచి గ్రహించెను. ఆ రెండు తీగలును షడ్జ పంచమములకు శ్రుతి చేయబడియుండును. మన తంబురా పలుకునదియు ఆ రెండు స్వరములే. ఏకతార చేతబట్టి మన వీధులవెంట తత్త్వములు పాడుచు వచ్చు బైరాగికి ఒక్క తీగయే చాలును గదా!

1993లో మువ్వురు కలిసి ఒక బృందముగా నేర్పడిరి. రెండవవాడైన డేవ్ డెడెరర్ గిటారునకు మూడు తీగలు. జేసన్ ఫిన్ డ్రమ్ములు వాయించువాడు. బృందమునకు వారు పెట్టుకొనిన పేరు ‘ది ప్రెసిడెంట్స్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ అమెరికా’. పేరు చూచి వీరు రాజ్యమేలువారని సోదరీమణులు భ్రమపడవలదు. అది వట్టి పరిహాసము. 1995లో వెలువడిన వారి తొలి సంపుటము అమెరికాలోనే 30 లక్షల ప్రతులు చెల్లినది. ఆ సంపుటములోని పాటలు వేనిని గూర్చినవో చూడుడు: ఒక పిల్లి, పత్తికాయను తొలుచు పురుగు, పీచు పండ్లు. గట్టిగా అఱచి పాడినందున అవి యువకుల పాటలైనవి గాని, మెల్లగా పాడినచో ఉయ్యాలయొద్ద పాడదగినవే యని మా అభిప్రాయము.

అంతటి కీర్తి వచ్చిన రెండుమూడేండ్లకే, 1997 చివర, బృందము విడిపోవుచున్నట్లు ప్రకటించిరి. ఊరూర తిరుగుటకు మాఱుగా కుటుంబముతో నుండవలెనని బల్లూ కోరుటయే అందులకు ముఖ్యకారణము. తరువాత ఆ మువ్వురును మరల కలిసి కొన్నేండ్లు వాయించిరి గాని, ఆయన మనస్సు వేఱొకవంకకు తిరిగినది. 2002లో, పసిబిడ్డల తల్లిదండ్రులకు తోడ్పడు ఒక సంఘముకొఱకు పిల్లల పాటలు పాడి యిచ్చెను. పిమ్మట చిత్రకారిణియైన కేట్ ఎండ్లెను పెండ్లాడెను. ఆమె రంగుకాగితపు ముక్కలను అతికి కూర్చిన పక్షుల, జంతువుల చిత్రములను చూచినంత, వానికి తగిన పాటలు చేయవలెనని ఆయనకు బుద్ధి పుట్టినది. 2009లో ‘కాస్పర్ బేబీప్యాంట్స్’ అను మాఱుపేరుతో మొదటి సంపుటము వెలువరించెను. బేబీప్యాంట్స్ అనగా పసివాని లాగు! ముప్పది లక్షల ప్రతులు చెల్లిన కీర్తిమంతుడు పసివాని లాగు పేరు పెట్టుకొని, పల్లకి దిగి నేలపై కూర్చుండినాడన్నమాట.

ఆ పేరుతో పదేండ్లలో పదికి మించిన సంపుటములు చేసెను. చాలవఱకు ఇంటియొద్దనే పాడి ముద్రించుకొనినవి. ఎవరు కట్టిరో తెలియని పాత పిల్లల పాటలను తీసికొని, అరిగిన మాటలకు బదులు క్రొత్తమాటలు చేర్చెను. బీటిల్సను బృందపు పాటలను 2013లోను, 2015లోను పసివారికి తగినట్లు పాడెను. పెద్దల పాటలో ఒక్క మాట తడబడినను డ్రమ్ములు దాచును. పసిబిడ్డ యెదుట దాచునది లేదు. మాట తేలిక కావలెను, శ్రుతి నిలువవలెను, నూఱవసారి పాడినను తల్లికి విసుగు రాకూడదు. రెండు తీగలతో నేర్చిన పొదుపు ఆయనకు ఇచ్చట పనికి వచ్చెనని మేము తలచుచున్నాము.

ఒక్కమాట మాత్రము చెప్పక తప్పదు. ఆయన పురుషుడు, పేరు పొందినవాడు; కనుక బిడ్డలకు పాడినంత వార్తయైనది. మన సీమలో వేరుసెనగ కాయలు ఒలుచుచు, చింతకొమ్మకు చీర ఉయ్యాల కట్టి, ఒక చేత పని, ఒక చేత ఉయ్యాల త్రాడుతో పాటలు కట్టిన తల్లుల పేరు ఏ సంపుటముపైన నున్నది?

మన పెద్దలలో ఈ పనిని చిన్నచూపు చూడనివారు లేకపోలేదు. అన్నమాచార్యులవంటి వాగ్గేయకారుడు లాలిపాటలును, ఉయ్యాల పాటలును రచించెను. ఆయన పదములు రాగిరేకులమీద రాగముల పేర్లతో మిగిలినవి గాని స్వరములతో మిగులలేదు. 1893లో మన కళ్యాణదుర్గపు వంక రాళ్లపల్లి గ్రామమున జన్మించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, మైసూరులో పెక్కేండ్లు తెలుగు బోధించి, పిమ్మట తిరుపతి చేరి, ఆ పదములు కొన్నిటికి స్వరములు కూర్చిరి. 1974లో మద్రాసు సంగీత అకాడమీ వారికి సంగీత కళానిధి బిరుద మిచ్చినది. వ్రాసియుంచిన పాటకే రాగము నిలుపుట యింత కష్టమైనపుడు, వ్రాయనిదాని గతి యేమి?

ఏడాదికి 55 సెంటీమీటర్ల వానతో బ్రతుకు నేల మనది. వాన తప్పిన యేట తల్లిదండ్రులు బెంగుళూరు కూలిపనికి పోవుదురు. బిడ్డ అవ్వయొద్ద నుండును. అవ్వకు ఓపిక తఱిగిననాడు చేతి ఫోనే పాడును. దానిని మేము నిందింపము. కాని ఫోనుకు కళ్యాణదుర్గపు పాట రాదు.

ధర్మవరపు సోదరి తన జాబు వెనుకనే ఆ లాలిపాటను వ్రాసి పంపినారు. రెండు చరణములున్నవి. మూడవది జ్ఞప్తికి రాలేదనియు, అమ్మమ్మకు ఎనుబది దాటినవనియు, సంక్రాంతికి పోదమన్న ప్రయాణము బిడ్డ జ్వరమువలన తప్పినదనియు వ్రాసినారు. అమ్మా, పండుగ వచ్చువఱకు ఆగవలదు. వచ్చు ఆదివారమే బిడ్డనెత్తుకొని బస్సెక్కుడు. వీణయు వెంట తీసికొనిపొండు. అమ్మమ్మ పాడుచుండగా షడ్జ పంచమములు రెండు మీటిన చాలును. మూడవ చరణము దొరకినయెడల మాకు వ్రాయుడు. ఈ పుటలోనే, అమ్మమ్మగారి పేరుతో ప్రకటింతుము.