పెట్రోలు ఉండాల్సింది ట్యాంకులోనే

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను కుదిపేశాక పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు. ఆ భయంతో, తుపాను కబురు వినగానే నీళ్ల సీసాల్లో పెట్రోలు నింపి ఇంట్లో దాచడం కొరివితో తల గోక్కోవడమే. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. నేలబారుగా పాకి పక్క గదిలోని దీపాన్నో, గ్యాస్ పొయ్యినో అందుకుంటుంది. సొంత అవసరానికి 30 లీటర్ల వరకు లైసెన్సు అక్కర్లేదని 1934 నాటి పెట్రోలియం చట్టం చెబుతోంది. అదీ మూత గట్టిగా బిగించే ఉంచాలి; లోహపు డబ్బా అయితే ఒక్కోటి 25 లీటర్లకు మించకూడదు. చట్టం ఒప్పుకుంది కదా అని మంచం కింద పెట్టుకోలేం. హెచ్చరిక రాగానే బండి ట్యాంకు నింపుకోవడమే మేలు. తీరప్రాంత బంకుల్లో జనరేటర్లు, ముందస్తు నిల్వలు ఉండేలా చూడాల్సింది మాత్రం ప్రభుత్వమే.