ముద్ద దిగనివాళ్లను ఇంట్లో కూర్చోబెట్టకండి

కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్ దాకా ఈ కరిసల్ (నల్లరేగడి) సీమలో తెలుగు మాట్లాడుకునే అన్నలారా, అక్కచెల్లెళ్లారా!

మన ఇళ్లలో రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. ఒకటి, ముద్ద దిగడం లేదని. రెండోది, గుండె దడగా ఉందని. మొదటిదానికి నీళ్లు తాగమంటాం. రెండోదానికి గ్యాసేలే అని సోడా తెప్పిస్తాం. ఇరుగుపొరుగు అందరికీ తెలిసిన ఆ బాధ డాక్టరు చెవిన మాత్రం పడదు. ఇది మనమంతా కలిసి మార్చుకోవలసిన అలవాటు.

పెళ్లి పంక్తిలో ఒక్కసారి పరికించి చూడండి. పెద్దమ్మ వడ ముట్టదు. అన్నాన్ని మెత్తగా మెదిపి, గోళీకాయంత ముద్ద చేసి నోట్లో పెట్టుకుంటుంది. గుక్కెడు నీళ్లు తాగి, మెడ ముందుకు వంచి మింగుతుంది. పంక్తి లేచేసరికి సగం అన్నం ఆకులోనే ఉంటుంది. అడిగితే ఆకలి లేదంటుంది. అది ఆకలి లేకపోవడం కాదని కనిపెట్టాల్సింది పక్కన కూర్చున్న మనమే.

ఈ రెండు బాధలకూ ఒక్కోసారి మూలం ఒకటే. అన్నవాహిక గుండె ఎడమ పైగదికి సరిగ్గా వెనక నుంచే కిందికి దిగుతుంది. చిన్నతనంలో గొంతునొప్పితో మొదలై, కీళ్ల వాపులతో ముదిరిన రుమాటిక్ జ్వరం గుండె కవాటాన్ని బిగదీస్తే, ఆ గది ఏళ్ల తరబడి ఉబ్బుతూ పోతుంది. గుండె లయ తప్పుతుంది. ఉబ్బు బాగా పెరిగితే వెనకున్న అన్నవాహికా నలుగుతుంది. మెడలో పెరిగిన థైరాయిడ్ గడ్డ కూడా అంతే: మింగడానికి అడ్డం పడుతుంది, హార్మోను ఎక్కువైతే గుండెను పరుగెత్తిస్తుంది. రక్తహీనత ముదిరిన ఆడవాళ్లకు దడ వస్తుంది. కొందరికి అన్నవాహిక పైభాగాన సన్నటి పొర ఏర్పడి ముద్ద తట్టుకుంటుంది. పొద్దున్నే ఏమీ తినకుండా అగ్గిపెట్టెల పనికి పరుగెత్తే చెల్లెళ్లకు ఈ మాట చెప్పండి. ఐరన్ మాత్రలతో నయమయ్యే బాధను ఏళ్లపాటు మోయక్కర్లేదు.

రెండింటికీ సంబంధం లేకపోవచ్చు కూడా. మొదట దోసె, తర్వాత అన్నం, చివరికి గంజి కూడా దిగకపోతూ, మనిషి చిక్కిపోతుంటే అది క్యాన్సర్ కావచ్చు. పొగాకు నమిలేవాళ్ల విషయంలో మరింత జాగ్రత్త. ఎండోస్కోపీని పండగ తర్వాతికి, కోతల తర్వాతికి వాయిదా వేయకండి.

లయ తప్పిన గుండెలో రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే ఈ జబ్బున్నవాళ్లకు ఆ ముప్పు దాదాపు 5 రెట్లు ఎక్కువ. బొటనవేలి కింద మణికట్టుపై మూడు వేళ్లు ఆనించి, నిండా ఒక నిమిషం నాడి చూడండి. కొట్టుకోవడం అడ్డదిడ్డంగా ఉంటే ఈసీజీ తీయించండి. ఒకసారి బాగానే ఉందన్నారని ఊరుకోవద్దు. దడ వచ్చి పోయేదైతే, ఈసీజీ తీసే ఆ కాసేపట్లో అది దొరక్కపోవచ్చు. 24 గంటలు గుండె లయను నమోదు చేసే హోల్టర్ పరీక్ష అవసరమేమో డాక్టరునే అడగండి. దడతో పాటు స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా, మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. పక్షవాతం వచ్చిన మనిషి నోట్లో సోడా, నీళ్లు, మాత్ర ఏదీ పోయకండి, వేయకండి. మింగే శక్తి పోయి ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. గడ్డ కరిగించే మందుకు నాలుగున్నర గంటలే గడువు. ఆ గంటల్ని సోడా కోసం పోగొట్టుకుంటామా?

ఆసుపత్రులు మనకు దూరంగా లేవు. కోవిల్‌పట్టిలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. విరుదునగర్‌లో 2022 జనవరిలో ప్రభుత్వ వైద్య కళాశాలే మొదలైంది. అడ్డం పడుతున్నది ఒకరోజు కూలి, తోడు వచ్చే మనిషి లేకపోవడం. ఆ రెండూ ఊరు తీర్చగలిగినవే. ఇడైసెవల్ ఊరి నుంచి వచ్చిన మన రచయిత కి.రా. నైనా 'గోపల్ల గ్రామం' నవలలో రాసింది ఏమిటి? ఒక ఆడపిల్లను కాపాడుకోవడానికి బంధువర్గమంతా ఊరొదిలి దక్షిణానికి నడిచిన కథే కదా! అలాంటి వంశాలవాళ్లం, అవ్వను ఆసుపత్రికి తీసుకుపోవడానికి ఒక మనిషి దొరకడం లేదని చెప్పుకుందామా?

నాయుళ్ల సంఘాలు, రెడ్ల సంఘాలు, దేవాంగుల సంఘాలు, అరుంధతీయుల వాడల యువకులు, మహిళా బృందాలు — అందరూ వినండి. వీధికి ఇద్దరు చొప్పున తోడు వెళ్లేవాళ్లను ఎంచుకోండి. కూలి పోయినవాళ్లకు ఆ రోజు ఇంటి ఖర్చు సంఘం నిధి నుంచి ఇవ్వండి. కల్యాణ మండపాన్ని ఏడాదికి ఒక రోజు గుండె పరీక్షల శిబిరానికి ఇవ్వండి. రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు మూడు నాలుగు వారాలకొకసారి వేసే పెనిసిలిన్ సూది తప్పిపోకుండా తేదీలు రాసి పెట్టుకోండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు బాధ ఎప్పుడు మొదలైంది, గట్టివి దిగడం లేదా నీళ్లూ దిగడం లేదా, దడ ఎంతసేపు ఉంటోంది అన్నవి కాగితం మీద రాసుకోండి. వాడుతున్న మాత్రలన్నీ సంచిలో వేసుకోండి.

ఈ రాత్రే మీ ఇంట్లో పెద్దవాళ్లను రెండు ప్రశ్నలు అడగండి: ముద్ద దిగడం కష్టంగా ఉందా, గుండె దడగా ఉంటోందా అని. ఏ ఒక్కదానికి అవునన్నా, రేపు పొద్దున ఓపీ చీటీ వరుసలో వాళ్ల పక్కన మీరు నిలబడండి.